గోడమీది గుమ్మడి

ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు, అడుగున మూడు చిల్లులు.
లగ్గెరెలో మా మూడో అంతస్తు మిద్దె మీద
అదే నా సేద్యం.
బియ్యం కడిగిన నీళ్లే దానికి కావేరి.

జూన్‌లో గుచ్చిన బూడిద గుమ్మడి గింజ
మా పిట్టగోడ నచ్చక
మాదేశ వాళ్ల మిద్దె మీదికి పాకింది.
వేరు మాది, కాయ వాళ్ల వైపు.
గార్మెంట్సు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే
గోడమీంచి తొంగి చూసేదాన్ని:
పిడికిలంత. పసిబిడ్డ తలంత.
ఆ పై ఆదివారానికి ఒంటినిండా బూడిద.

నాకు ముందే లెక్క కట్టడం అలవాటు.
ఇరవై ఏడో తారీఖు వస్తే డబ్బాలు మోగుతాయి,
లోపల ఎంత తక్కువుంటే అంత గట్టిగా.
అప్పుడు ఉలవలు ఉడికిస్తే కట్టు చారుకు, గుగ్గిళ్లు పిల్లకు.
రేషను రాగులు సంగటికి.
ఇంకో బకెట్టులోని గోంగూర, నాలుగు ఎండుమిరపకాయలు, ఒక తెల్లగడ్డ.
ఓబులేసు నైటు డ్యూటీకి పోతూ ఒక ముద్ద ఎక్కువే అడుగుతాడు.
ఆ ముద్ద పక్కన కరకరమనేదొకటి ఉంటే
కూర లేదన్న సంగతి ఎవరూ ఎత్తరు.
అందుకే, ఆ కాయ నా లెక్కలో కాయ కాదు,
ఏడాది వడియాలు.

ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీలో
కుట్టుమిషన్లకు కుంకుమ పెట్టి, బొరుగులు పంచి,
మధ్యాహ్నానికే వదిలిపెట్టినారు.
సందు మలుపులో మాదేశ టెంపో,
అరటి పిలకలు కట్టుకొని పెళ్లికొడుకు మాదిరి.
దాని ముందర, నడిరోడ్డు మీద,
నా కాయ.
పగిలిన కడుపులో కుంకుమ.
రూపాయి బిళ్లల కోసం పిల్లకాయలు కొట్టుకుంటున్నారు.

ఏమనాలి, పండగపూట?
"చెన్నాగిదె" అన్నాను, టెంపోను చూసి.

రాత్రి తొమ్మిదికి మబ్బు పట్టింది. వీధి దీపం ఆరిపోయింది.
దిష్టి తీసిన కాయను దాటకూడదంటారు, తొక్కకూడదంటారు.
ఏరుకోకూడదని మాత్రం
నాకు ఎవరూ చెప్పలేదు.
చెప్పాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదేమో.
కుంకుమ అంటని చెక్కలు రెండు
కొంగు కింద.
మూడు నీళ్లు కడిగినాను. నాలుగోసారి
పసుపు నీళ్లతో, భయానికి.
తురిమి, ఉప్పు చల్లి, పాత పంచెలో మూటగట్టి రాయి పెట్టినాను.
కారిన నీళ్లు మజ్జిగ పులుసులోకి పోయినాయి.
అరపావు మినప్పప్పు, ఆరు పచ్చిమిరపకాయలు, గోరంత ఇంగువ.

అక్టోబరులో బెంగళూరు ఎండ చేబదులు లాంటిది,
పొద్దున ఇచ్చి మధ్యాహ్నానికి అడిగేస్తుంది.
ఎండకు పెట్టి, చినుకుకు తీసి, మళ్లీ పెట్టి,
చివరి తేమ పొయ్యి పక్కన సెగకు.
నూట పద్దెనిమిది వచ్చినాయి. లెక్క పెట్టినాను.

మొన్న మాదేశ పెండ్లాం నింగమ్మ
గ్లాసెడు చక్కెర కోసం వచ్చి
తిరగమాత వాసనకు నిలబడిపోయింది.
మా పిల్ల తన పళ్లెంలోంచి ఒకటి తీసి ఇచ్చింది.
కొరికింది. కళ్లు మూసుకుంది. ఇంకోటి అడిగింది.
"ఏ అంగడిలో కొన్నావక్కా?"
"ఇంట్లోదే."
"పూజ చేసినప్పట్నుంచి మా టెంపోకు బాడుగలు బాగున్నాయి," అంది నములుతూ,
"ఆ గుమ్మడికాయ పుణ్యం."

నా చెయ్యి
దానంతటదే లేచి
భుజం దులుపుకొంది.

గుమ్మడికాయల దొంగ సామెత
కన్నడంలోనూ ఉంది.
నింగమ్మ నా భుజం వైపు చూసింది,
వడియం వైపు చూసింది.
మూడోది
అడక్కుండానే తీసుకుంది.